చూడని బొమ్మకు తీర్పు

తెలుగున 'బొమ్మ' యను మాట మిక్కిలి విశాలమైనది. పిల్లలాడుకొను కొయ్యముక్క బొమ్మయే. గోడకు వ్రేలాడు పటము బొమ్మయే. తోలుబొమ్మలాటలో దీపపు వెలుగున తెరమీద గంతులు వేయు హనుమంతుడును బొమ్మయే. సినిమా వచ్చిన పిదప జనులు దానినిగూడ బొమ్మ యనియే పిలిచిరి; 'ఆ బొమ్మ ఆడలేదు', 'ఈ బొమ్మ నిలిచినది' అను మాటలు పుత్తూరు, నగరి వీథులలో నేటికిని వినవచ్చును. ఇంతగా బొమ్మలతో బ్రదికిన మనము ఒక చలనచిత్రమును నిందింపదలచినపుడు 'ఇది వట్టి బొమ్మల సినిమా' అని యీసడించుచున్నాము. ఈ యీసడింపు ఎక్కడనుండి వచ్చినది, అది న్యాయమా, చిత్రమును చూడకముందే దానిని పలుకుటకు మన కధికార మున్నదా యని విచారింప దలచితిమి. ఇది వినోదమునకు సంబంధించిన చిన్న విషయమని చదువరులు తలంపవచ్చును. ఇట్టి విషయముననే తలలు పగిలినవి గనుక చిన్నదని తలంచుటకు వీలు లేదు.

సినిమా విడుదలకు ముందు రెండు మూడు నిమిషముల తునకను జనులకు చూపుట నేటి యాచారము. దానిని ట్రైలరందురు, అంతకంటె పొట్టిదైనచో టీజరందురు. ట్రైలరను మాటకు వెంబడి వచ్చునది యని యర్థము. అమెరికాలో తొలినాళ్ళలో ఇట్టి తునకలను అసలు చిత్రము ముగిసిన పిమ్మట చూపెడివారు గనుక ఆ పేరు వచ్చెను. తరువాత అవి ముందునకు జరిగినను పేరు మాత్రము వెనుకనే నిలిచినది. మన ప్రాంతమున ఆ పనిని ఎద్దులబండి చేసెడిది. బండికి రెండు ప్రక్కల రంగుకాగితములంటించిన తడికలు, లోపల డప్పు, కొంతకాలమునకు మైకు, వెనుక కరపత్రములకై పరుగెత్తు పిల్లలు. సినిమాశాలలో అమ్ము పాటల పుస్తకమున కథను సగము చెప్పి, తరువాయి వెండితెరపై చూడుడని ముగించెడివారు. వ్యాపారపు టెత్తుగడయే యైనను ఆ వాక్యమున నొక మర్యాద కలదు. పూర్తిగ చూచి పిమ్మట మాటాడుడని అది మనలను గడువడుగుచున్నది.

ఆ గడువు నేడు లేదు. ట్రైలరు ఫోనులో వెలువడిన యరగంటకే తీర్పులు పుట్టును. సాయంకాలమునకు పక్షములేర్పడును. మరునాటికి, ఇరువదినాలుగు గంటలలో ఎన్ని లక్షలమంది చూచిరను లెక్కతో అభిమానులు ఒకరినొకరు సవాలు చేసికొందురు. ఆ లెక్కను పెంచుటకై ఒక్కడే పదిమార్లు, నూరుమార్లు త్రిప్పి వేయును. వేసి, ఫోనును ప్రక్కన బెట్టి అన్నము తినును. చూచినవాడు లేడు, చూచిన లెక్క మాత్రము పెరిగినది. ఇది ఎట్టి భక్తియో మాకు బోధపడదు.

మనకు దగ్గరగా జరిగిన యుదాహరణము నొకదానిని తీసికొందము. రామాయణ కథతో తీసిన 'ఆదిపురుష్' చిత్రపు టీజరును 2022 అక్టోబరు 2వ తేదీన అయోధ్యలో వెలువరించిరి. దర్శకుడు ఓం రౌత్, రాఘవుడుగా ప్రభాస్. తెలుగుదేశమున ఆ నటునికున్న యభిమానులెందరో వేరుగ చెప్పనక్కరలేదు. అయినను టీజరు వెలువడిన దినముననే గొప్ప యలజడి పుట్టెను. యంత్రగణకముపై నిర్మించిన దృశ్యములు పిల్లల కార్టూనువలె నున్నవని కొందరు నవ్విరి. రావణుని వేషము మన యెరిగిన రావణునిది కాదని కొందరు కోపించిరి. 2023 సంక్రాంతికి రావలసిన చిత్రమును మరల మెరుగు దిద్దుటకై జూన్ 16వ తేదీకి వాయిదా వేసితిమని దర్శకుడు నవంబరులో ప్రకటించెను. తుది ట్రైలరును 2023 జూన్ 6వ తేదీన మన తిరుపతిలోనే, విశ్వవిద్యాలయ మైదానమున, మహాజనసమూహము నడుమ చూపిరి. అయోధ్యలో తిట్లు తిన్న చిత్రమునకు తిరుపతిలో జయజయధ్వానములు లభించినవి. నడుమ ఎనిమిది నెలలు గడిచినవి. చిత్రమును మాత్రము ఆ దినమువరకు ఎవరును చూడలేదు.

ఇట తిట్టినవారు తప్పు చేసిరా? జయము పలికినవారు తప్పు చేసిరా? అన్న ముడికినదో లేదో తెలిసికొనుటకు ఒక్క మెతుకు పట్టిన చాలునని మన పెద్దలందురు. ట్రైలరును చూచి తీర్పు చెప్పువారందరును ఈ సామెతనే యాధారముగ జూపుదురు. కాని సామెతను కొంచెము లోతుగ చూడవలెను. కుండలోని మెతుకులన్నియు ఒకే నీట, ఒకే మంటమీద ఉడికినవి. గరిటె ముంచి పైకి తీసిన మెతుకు దైవికముగ దొరికినది. ట్రైలరులోని మెతుకు అట్టిది కాదు. వంటవాడు కుండంతయు వెదకి, బాగుగ నుడికిన మెతుకులనే యేరి, నేయి పూసి మన చేతిలో నుంచినాడు. కావున దానిని జూచి కుండ యంతయు నిట్లే యున్నదని పొగడుట బుద్ధిహీనత. కాని యేరి తెచ్చిన మెతుకే పలుకుగ నున్నచో 'అయ్యా, ఇది ఉడకలే'దని చెప్పుటలో నేమి తప్పున్నది? పొగడ్తకంటె నిందకే యిచ్చట బల మెక్కువ. ఇది మొదట మాకును వింతగా తోచినది గాని, ఎట్లు త్రిప్పి చూచినను ఈ నిర్ణయమే నిలుచుచున్నది.

అయినను ఆ నింద ఎంతవరకు పోవచ్చును? మెతుకు చూచినవాడు అన్నమును గూర్చి చెప్పవచ్చును. పప్పులో ఉప్పు చాలలేదని చెప్పరాదు. ఆదిపురుష్ చిత్రము 2023 జూన్ 16వ తేదీన వెలువడినపుడు జనులను ఎక్కువగ బాధించినది దృశ్యములు గావు, సంభాషణలు. లంకలో హనుమంతుని నోట బెట్టిన మాటలు బజారు మాటలని దేశమంతట నిరసన పుట్టగా, విడుదలైన కొలది దినములకే కొన్ని పంక్తులను మార్చిరి. సంభాషణలు వ్రాసిన రచయిత జూలైలో క్షమాపణ చెప్పెను. ఎనిమిది నెలల ముందు టీజరును చీల్చి చెండాడినవారిలో నొక్కరును ఈ దోషమును కనిపెట్టలేదు. కనిపెట్టుట సాధ్యము గాదు. అది వారికి చూపబడలేదు. నలుదిక్కుల వారును ఎలుగెత్తి అరచుచుండగా, అసలు తప్పు ఎవరి కంటను పడక మూల కూర్చుండెను.

ఇక 'బొమ్మల సినిమా' యను నిందను గూర్చి. నిమిషమునకు అరువది సెకండ్లు, సెకండునకు ఇరువదినాలుగు బొమ్మలు. రెండు గంటల చిత్రమునకు 1,72,800 బొమ్మలు. వానిని నిర్మించువారు హైదరాబాదులోను, బొంబాయిలోను, చెన్నపట్టణమునను యంత్రములముందు రాత్రింబవళ్ళు కన్నులు కాయలు గాచునట్లు కూర్చుండు వందలాది యువతీయువకులు. దర్శకుని బుద్ధి వంకరగ పోయినచో వారేమి చేయుదురు? నవ్వు మాత్రము వారి పనిమీదనే పడును. పుత్తూరునకు సమీపముననే యున్న శ్రీకాళహస్తిలో కలముతో బట్టమీద రామాయణమును వరుసలు వరుసలుగ దింపు కలంకారీ పనివారున్నారు. ధర్మవరము దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేయు కుటుంబములున్నవి. వారిలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. ఈ బొమ్మలను మనము కళ యందుము, దొరతనము బిరుదు లిచ్చినపుడు గర్వింతుము. అదే బొమ్మ యంత్రముమీద కదలినచో పిల్లల వేడుక యని త్రోసివేయుదుము. 2014లో రజనీకాంతు రూపమును యంత్రముతో బొమ్మగ మార్చి తీసిన 'కోచ్చడైయాన్' తెలుగున 'విక్రమసింహ' యను పేర వచ్చినపుడును ఇదే మాట వినవచ్చినది: మా నాయకుని జూపుమనిన, నాయకుని బొమ్మను జూపితిరేమి యని. తెరమీద కనబడునది ఎప్పుడును బొమ్మయే యని వారికెవరు చెప్పవలెను!

ఈ యీసడింపు మనకే ప్రత్యేకము గాదు. అమెరికాలో వాల్ట్ డిస్నీ 'స్నో వైట్' కథను నిడుపైన బొమ్మల చిత్రముగ తీయుచుండగా సినిమా వ్యాపారులు దానికి 'డిస్నీ వెర్రి' యని పేరు పెట్టిరి. గంటకు మించి బొమ్మలనెవరు చూతురని వారి వాదము. పదునైదు లక్షల డాలర్ల వరకు వ్యయమైనది. 1937 డిసెంబరు 21వ తేదీన లాస్ ఏంజెలీసులో మొదటి ప్రదర్శనము జరిగినపుడు, చిత్రము ముగియగనే సభ్యులు లేచి నిలువబడి చప్పట్లు చరచిరి. ఆ తరువాత ఆయనకొక పెద్ద ప్రతిమయు, ఏడుగురు మరుగుజ్జులకు గుర్తుగ ఏడు చిన్న ప్రతిమలును బహుమానముగ నిచ్చిరి. ఆ ముచ్చట అట్లుండనిండు.

ఆదిపురుష్ టీజరు వెలువడుటకు కొలది వారముల ముందు, అదే 2022 సెప్టెంబరులో, డిస్నీవారే 'లిటిల్ మెర్మెయిడ్' టీజరును వెలువరించిరి. డెన్మార్కు దేశీయుడైన ఆండర్సన్ 1837లో ప్రకటించిన మత్స్యకన్య కథ యిది. 1989లో బొమ్మల చిత్రముగ వచ్చి పిల్లల మనస్సులలో నిలిచిపోయినది. అందు మత్స్యకన్య తెల్లని మేనిది, ఎఱ్ఱని కురులది. క్రొత్త చిత్రమున ఆ వేషమును హాలీ బెయిలీ యను నల్లజాతి యువతి ధరించినది. టీజరులో నామె నీటినడుమ కొన్ని క్షణములు పాడినది, అంతే. తెల్లవారిలో ననేకులు మండిపడిరి. మా మత్స్యకన్యను మాకు గాకుండ జేసితిరనిరి. మత్స్యకన్య ఏ జాతిదో తేల్చుటకు సముద్రమున జనాభా లెక్కలు తీసినవారెవరో మాకు తెలియదు.

ఈ నింద మెతుకు పట్టి చూచుట కాదు. పాట బాగుగ లేదని గాని, నీరు నీరువలె లేదని గాని వారనలేదు. వడ్డించు చేతి రంగును చూచి విస్తరిముందు నుండి లేచిపోయిరి. మన దేశమున ఈ లేచిపోవుటను మనము బాగుగ నెరుగుదుము. దానికి వ్యతిరేకముగ ఎందరు మహనీయులు ఎన్ని తరములు పాటుపడిరో యీ పత్రిక చదువు గృహములలో వేరుగ చెప్ప నక్కరలేదు. చూడకముందు చెప్పు తీర్పులలో అత్యంత నీచమైనది యిది. ఏలయనగా చూచినను ఈ తీర్పు మారదు. చూచుటతో దానికి నిమిత్తమే లేదు.

ఆ టీజరును జూచినవారు మరి కొందరున్నారు. నల్లజాతి తల్లిదండ్రులు తమ చిన్నబిడ్డలకు దానిని చూపి, ఆ బిడ్డల ముఖములను ఛాయాచిత్రములుగ పట్టి లోకమునకు పంపిరి. నీటినడుమ నుండి ఆ ముఖము వెలువడగనే ఆ పసిపిల్లలు నోరు తెరచి, తమవంటి రంగే గదా యని తల్లివైపు తిరిగిన తీరు లక్షలాది జనులు చూచిరి. ఇదియు చూడకముందు పుట్టిన సంతోషమే. కథ ఎట్లుండునో వారికి తెలియదు. పైన మేము చెప్పినదానిని బట్టి, ట్రైలరును చూచి పొగడుట బుద్ధిహీనత గదా. మరి యీ పిల్లల సంతోషమును ఏమనవలెను? ఇట మా వాదమునకు చిక్కు వచ్చినమాట నిజము. కాని ఆ పిల్లలు చిత్రమును పొగడలేదు. అది బాగుండునని ఎవరితోను పందెము వేయలేదు. కథలలో తమకును చోటున్నదను సంగతి వారికి ఆ క్షణమున తెలిసినది. ఆ తెలియుట అక్కడికక్కడే పూర్తియైనది. రేపు చిత్రము చెడ్డదైనను ఆ సంతోషము అబద్ధము గాదు.

మన యిండ్లలో నేమి జరుగుచున్నది? నీలమేఘశ్యాముడని రాముని కొలుతుము. కృష్ణుని పేరే నలుపు. పెండ్లిచూపులనాడు మాత్రము పిల్ల రంగు తక్కువ యని పెదవి విరుతుము. ఒక ప్రసిద్ధ ముఖలేపనము 1975 నుండి నలుబదియైదేండ్లు తెలుపును తన పేరులోనే పెట్టుకొని అమ్ముడుపోయి, 2020లో మాత్రమే ఆ మాటను తీసివేసినది. మన పిల్లలకు చూపు బొమ్మల చిత్రములలో రాకుమార్తెలందరును పాలవలె తెల్లనివారు. చామనచాయ కూతురు 'అమ్మా, నేను రాకుమారి వేషము వేయవచ్చునా?' యని అడుగు దినమున ఏ తల్లియైనను ఈ ట్రైలరు తగవు అమెరికాది గదా యని ఊరకుండ గలదా?

ఇక అభిమానమను మాటవద్దకు వచ్చుచున్నాము. ఈ మాటకు తెలుగున రెండు ముఖములు కలవు. అభిమానవంతుడనగా ఆత్మగౌరవము గలవాడు, ఎవరియెదుటను తలవంచనివాడు. అభిమాని యనగా నేడు ఒక నటుని యెదుట తల వంచినవాడు. ఒకే మాట ఇట్లు తలక్రిందు లెట్లాయెనో భాషావేత్తలు విచారింతురు గాక. మాకు తోచునది యిది: తనకు గౌరవము దొరకని చోట మనుజుడు దానిని మరియొకని గౌరవములో వెదకికొనును. పనిలేక, చదువు సాగక, ఇంట మాట చెల్లక తిరుగు ఇరువదియేండ్ల యువకునకు, తన నాయకుని చిత్రము గెలిచిన దినమున తాను గెలిచినట్లుండును. కటౌటుకు పాలు పోయునది ఆ చిత్రమునకు గాదు, తన గెలుపునకు. అట్టి వానితో చిత్రము బాగులేదనినచో నీ బ్రదుకు బాగులేదనినట్లు వినబడును. అతనిని మేము నవ్వులపాలు చేయము. కాని అతడు చేయి యెత్తినపుడు సమర్థింపము.

అతడు చేయి యెత్తుచున్నాడు. ఆదిపురుష్ వెలువడిన దినముననే హైదరాబాదులో నొక సినిమాశాల యెదుట, చిత్రము తనకు నచ్చలేదని కెమేరా ముందు చెప్పిన ప్రేక్షకుని కొందరు అభిమానులు చుట్టుముట్టి కొట్టిరి. అతడు టీజరు చూచి తీర్పు చెప్పినవాడు కాడు. రూకలిచ్చి, కూర్చుండి, ఆసాంతము చూచి, అడిగినందుకు తన మనస్సులోని మాట చెప్పినవాడు. చూడకముందు నోటికి వచ్చినట్లు పలికినవారికి లేని దండన, చూచి నిజము పలికినవానికి లభించినది. ఎముకలు విరిగినవారికి వెదురుబద్దలతో, ఆకుపసరుతో కట్టు కట్టి పంపుటలో మన పుత్తూరు దేశమంతట పేరు గాంచినది. అభిమానుల దయవలన ఆ వృత్తికి ఎన్నటికిని లోటు రాదు. హాస్యమునకు అంటిమి గాని యిది హాస్యము గాదు. 2016లో తిరుపతి యువకు డొకడు ఇద్దరు నటుల అభిమానుల తగవులో కత్తిపోటుకు ప్రాణమే గోల్పోయెను. ఆ నటు లిరువురకును అతని చావువలన తగ్గినది లేదు, పెరిగినది లేదు. తగ్గినది ఒక తల్లికి.

ఈ పుత్తూరు ప్రాంతముననే మరియొక విధమైన ప్రేక్షకులున్నారు. ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళలో యేటేట మహాభారతపు తిరునాళ్ళు జరుగును. పగలు హరికథ, రాత్రి వీథినాటకము. అర్జునుడు తపస్సుమాను ఎక్కు దినమున సంతానము కోరు స్త్రీలు క్రింద ఒడిపట్టి నిలుతురు. కడపటి దినమున మంటితో చేసిన పెద్ద దుర్యోధనుని బొమ్మ నేలపై పరుండియుండగా భీమవేషధారి దాని తొడను పగులగొట్టును. ఆ సాయంకాలమున నిప్పులగుండము త్రొక్కుదురు. కథ అందరికిని తెలిసినదే. దాచవలసినది లేదు, ముందుగ చూపి ఊరింపవలసినది లేదు. అయినను వేలాది జనులు తెల్లవారులు మేల్కొని చూతురు. అందు గొంతు చెడిన అర్జునుని గూర్చి ముసలివా రేమందురో విని చూడుడు! పోయిన యేటి వాడే మేలనుదురు, పద్యము నడుమ త్రుంచినాడనుదురు, నిద్ర వచ్చినదనుదురు. మేము చూచినంతవరకు దానికై ఎవడును ఎవనిని కొట్టలేదు. వారికి భక్తి తక్కువయా? మరునాడు నిప్పులు త్రొక్కునది వారే. కథను ప్రేమించుటయు, వేషధారి తప్పును చెప్పుటయు ఒకే హృదయమున ఇముడునని వారికి ఎవరును నేర్పకయే తెలిసినది. వేషము వేసినవాడు తెల్లవారి తమవలెనే చేనికి పోవునని వారెరుగుదురు గనుక కాబోలు. నటుడు మనుజుడై కనబడు దూరమున నున్నంతవరకు ఆతని తప్పు తప్పుగనే కనబడును.

ఈ మాటలకు కొంత ప్రత్యుత్తరము 2025లో దొరికినట్లు తోచినది. జూలై 25వ తేదీన 'మహావతార్ నరసింహ' యను చిత్రము వెలువడెను. దర్శకుడు అశ్విన్ కుమార్. కథ మనయెరిగిన ప్రహ్లాద చరిత్రము, ఆద్యంతము బొమ్మలే. అందు నాయకుడని చెప్పదగిన నటుడు లేడు. కావున ముందుగ పోట్లాడుటకు అభిమాన సంఘము లేదు, పాలు పోయుటకు కటౌటు లేదు. మొదటి దినమున వచ్చినవారు తక్కువ. చూచినవారు ఇంటికి పోయి చెప్పగా తక్కినవారు వచ్చిరి. పిల్లలను, అవ్వలను వెంటబెట్టుకొని వచ్చిరి. దేశమున అంతకుముందు ఏ బొమ్మల చిత్రమును ఎరుగని విధముగ, వసూళ్ళు మూడువందల కోట్ల రూపాయలను దాటెనని చెప్పిరి. బొమ్మల సినిమా యను మాట ఆ కొన్నాళ్ళు నిందగ వినబడలేదు. చూచినవారి మాట, చూడనివారి కేకను మించిపోయిన యరుదైన సందర్భమిది.

అయితే యిందును మా కొక శంక కలదు. కొన్ని యూళ్ళలో ప్రేక్షకులు సినిమాశాల లోనికి పోవునపుడు చెప్పులు వెలుపల విడిచిరి. వారి భక్తిని మేము గౌరవింతుము. కాని చెప్పులతోబాటు తీర్పునుగూడ వెలుపల విడిచిరేమో! నటుని అభిమానము లేని చోటునకు దేవుని యభిమానము వచ్చి అదే పీటమీద కూర్చుండుట కష్టము గాదు. అప్పుడు చిత్రములో కొన్నియెడల బొమ్మల కదలిక బిరుసుగ నున్నదనినవాడు దర్శకుని గాక దేవునినే నిందించినట్లగును. ఇది మరింత అపాయము. నటుని అభిమాని నోరు మూయించినచో పోలీసులతో చెప్పుకొనవచ్చును, భక్తుడు మూయించినచో ఎవరితో చెప్పుకొందుము?

ప్రహ్లాదుని కథయే యిది గదా. తండ్రి సర్వలోకములను తన పేర జయమనిపించినాడు. గురువు లనిరి, దిక్పాలకు లనిరి. ఇంటిలోని పిల్లవాడు మాత్రము తనకు తోచినది గాక వేరొకటి పలుకననెను. కొండ మీదినుండి త్రోసినను, ఏనుగులచే త్రొక్కించినను పలుకలేదు. ఆ చిత్రమును చూచి యింటికి వచ్చిన ఎనిమిదేండ్ల బాలుడు అన్నము తినుచు, 'అమ్మా, చివరి యుద్ధము మరీ సాగినది, నాకు విసుగు పుట్టిన'దని యనెననుకొందము. దేవుని సినిమాను అట్లనరాదు, లెంపలు వేసికొమ్మని తల్లి యనవచ్చును. లేక కూర వడ్డించుచు, 'ఎచ్చటినుండి విసుగు పుట్టినదిరా?' యని అడుగవచ్చును. అడిగినచో వాడు కొంచెము ఆలోచించి, చేతి నందుననే యుంచి, స్తంభము పగిలినప్పుడు మాత్రము చాల బాగున్నదనియు, ఆ పిమ్మట కొట్టినదే కొట్టుచుండిరనియు చెప్పును.